గోడలకు పోసిన నీళ్లు

పంచాయతీల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, పై నుంచి వచ్చిన లెక్కను మనం కాదనొచ్చా మేడం అని భయం భయంగా అడుగుతుంటారు. కాదనొచ్చు. నేను అన్నాను. అనడమే కాదు, దిద్దించాను కూడా. నా ఉద్యోగం మొత్తంలో ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా, వాకిట్లో నిలబడే కథంతా చెప్పిన రోజు అదొక్కటే. అది మీకు కూడా చెప్పాలని చాలా కాలంగా నోరు దురదగా ఉంది.

నేను బీదర్‌లోనే పుట్టి పెరిగాను. మాది ఇక్కడి తెలుగు క్రైస్తవ కుటుంబం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, బజారులో దక్కనీ ఉర్దూ. పంచాయతీ అభివృద్ధి అధికారిగా, అంటే అందరూ పిలిచే పిడిఓగా, మొదట చిట్గుప్ప వైపు ఊళ్లు తిరిగి, చివరికి నౌబాద్ దాటాక ఉన్న ఒక పంచాయతీకి వచ్చాను. రిటైరయ్యేలోపు కాస్త నెమ్మదిగా గడిపేద్దామని నా ఆలోచన. ఆ పంచాయతీకి నా ఆలోచనతో పనేముంది!

అసలు ఊరికి కాస్త ఎడంగా, ఎర్ర రాతి గుట్ట మీద ఒక కాలనీ ఉండేది. అందులో సగం మంది మాలాంటి స్థానిక తెలుగు క్రైస్తవులు, మిగతావాళ్లు జహీరాబాద్, నారాయణఖేడ్ వైపు నుంచి వచ్చి నౌబాద్‌లోని చిన్న చిన్న ఫ్యాక్టరీ యూనిట్లలో పనిచేసేవాళ్లు. పొద్దున టిఫిన్ డబ్బాలు కట్టుకుని బండ్ల మీద పోతే మళ్లీ చీకటి పడేవేళకే రావడం. గుట్ట మీద బోరు వేస్తే దుమ్ము తప్ప ఇంకేం రాలేదు. ట్యాంకరే దిక్కు. ట్యాంకర్ వచ్చిన రోజు ఆ కాలనీ ఆడవాళ్లు యూనిట్లకు సెలవు పెట్టేవాళ్లు. నీళ్ల కోసం కూలి వదులుకోవడం వాళ్లకు ఎంత మామూలంటే, దాని గురించి ఎవరూ ఫిర్యాదు కూడా చేసేవాళ్లు కాదు.

అప్పుడే కొత్త నీళ్ల పథకం వచ్చింది. ఓవర్‌హెడ్ ట్యాంకు, ఇంటింటికీ కుళాయి. కాకపోతే కొత్తగా తీసిన జనాభా, ఇళ్ల లెక్కలో తగినన్ని ఇళ్లున్న చోటికే ట్యాంకు వస్తుంది. లేకపోతే పైపు అసలు ఊరి దగ్గరే ఆగిపోతుంది. మా కాలనీకి ఏ ఢోకా లేదనుకున్నాం. నోటీసు బోర్డు మీద అంకెలు అంటించిన రోజు చూస్తే కాలనీలో సగం ఇళ్లు లేవు. ఇళ్లే లేవంటే మనుషులెక్కడ ఉంటారు? వాళ్లూ లేరు.

మా బిల్ కలెక్టర్ నాకంటే కాస్త పెద్దవాడు, ప్రతిదానికీ ముందే భయపడే రకం. ఆయన కాగితం చదివి కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు. పైవాళ్ల లెక్కకు ఎదురు రాస్తే మన లెక్కలన్నీ తీసి చూస్తారు మేడం, మనకెందుకు అని మెల్లగా అన్నాడు. పంచాయతీ అధ్యక్షుడిది దీనికి పూర్తిగా విరుద్ధమైన స్వభావం. ఆయనకు ఊళ్లో సిమెంటు దుకాణం ఉంది. పెద్ద గొంతు, ఖర్చుకు మాత్రం చిన్న చెయ్యి. ఇప్పుడే పోయి జిల్లా ఆఫీసు ముందు కూర్చుందామన్నాడు. ఒకాయన్ని కూర్చోబెట్టి, ఇంకొకాయన్ని లేపి, గ్రామసభ పెట్టించి, తీర్మానం రాయించి, గడువులోపు ఆక్షేపణ పంపాను.

ఆ ఆక్షేపణ ఎంత బాగా రాశాననుకున్నారు! పేదల కష్టాలు, ఆడవాళ్ల బిందెలు, రాజ్యాంగం, అన్నీ పెట్టాను. అధ్యక్షుడు చదివించుకుని కళ్లు తుడుచుకున్నాడు. అది వారం తిరక్కుండానే ఒక్క వాక్యంతో వెనక్కి వచ్చింది. ఏ ఇల్లు తప్పిపోయిందో చూపండి, అంతే. నాకు ఒళ్లు మండిపోయింది. తర్వాత చల్లబడి ఆలోచిస్తే వాళ్లు అడిగిందే సరైన మాట. పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. మొత్తం తక్కువ వచ్చిందని మొత్తం మీద పోట్లాడితే ఎవరూ వినరు. ఒక్కో ఇంటి మీద పోట్లాడాలి.

సరే అని ఇంటింటికీ తిరిగి కరెంటు బిల్లులు, రేషన్ కార్డులు పోగుచేసి మళ్లీ పంపాం. ఈసారి జవాబు ఇంకాస్త పొడుగ్గా, ఇంకాస్త గట్టిగా వచ్చింది. లెక్క రెండు విడతల్లో జరిగింది. మొదటి విడతలో వచ్చినవాళ్లు ప్రతి ఇంటికీ ఒక నంబరిచ్చి, తలుపు పక్కన గోడ మీద నల్ల పెయింటుతో రాశారు. రెండో విడతలో మనుషుల్ని లెక్కపెట్టడానికి వచ్చిన మాస్టారు ఆ నంబర్ల ప్రకారం వెతికితే, సగం నంబర్లు గోడల మీద లేవు. రోడ్డు వెడల్పు పనుల్లో కొన్ని గుడిసెలు తీసేశారు కదా, అవే ఇవి అనుకుని ఆ ఇళ్లన్నీ కొట్టివేశారు. ఇప్పుడు మీరు చూపే ఇళ్లు తర్వాత కట్టుకున్నవి అయి ఉండాలి అని జవాబు సారాంశం.

రోడ్డు పక్కన తీసేసింది నాలుగైదు గుడిసెలు. కానీ ఆ మాస్టారు వచ్చింది పనిదినం మధ్యాహ్నం. కాలనీ అంతా నౌబాద్‌లో ఉంది, తలుపులకు తాళాలు, గోడల మీద నంబర్లు లేవు. ఆయన స్థానంలో నేనున్నా అదే రాసేదాన్నేమో. మరి నంబర్లు ఏమయ్యాయి?

అది తెలిసినప్పుడు నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మొదటి విడత అయింది నవంబరులో. డిసెంబరు రాగానే మావాళ్లు ఏంచేస్తారు? క్రిస్మస్‌కు ఇల్లు తెల్లగా మెరవకపోతే పండగ వచ్చినట్టే కాదు. ఆ ఏడు అధ్యక్షుడు ఉదారంగా, ఆయన జీవితంలో అరుదైన సంగతి ఇది, తన దుకాణం నుంచి కాలనీ మొత్తానికి ఉచితంగా సున్నం పంచిపెట్టాడు. పక్కింటివాళ్లు వేస్తుంటే పండగ లేనివాళ్లు కూడా వేసుకున్నారు. కాలనీ సగం తెల్లబడింది. సర్కారు నంబర్లన్నీ సున్నం కింద దాగిపోయాయి. అంటే లెక్క పోయిందని జిల్లా ఆఫీసు ముందు కూర్చుంటానన్న పెద్దమనిషే, సంచులకు సంచులు సున్నమిచ్చి ఆ లెక్కను చెరిపించాడన్నమాట.

బిల్ కలెక్టర్ గోకి చూద్దామన్నాడు. నేను వద్దన్నాను. మేం గోకి తీసిన నంబరును మేమే రాసుకున్నామని ఎవరైనా అంటే ఏం చెప్తాం? ఒక్కసారి మీరే వచ్చి చూడండి అని మాత్రం రాశాను. దానికి ఒప్పుకున్నారు. పునఃపరిశీలనకు ఒక అధికారి వస్తారనీ, ఆ రోజు ఆయన రాసిందే ఆఖరి మాట అనీ కబురొచ్చింది.

ఆయన వచ్చింది ఏప్రిల్‌లో. దక్షిణ కర్ణాటక మనిషి, ముక్కుసూటి, తక్కువ మాటలు. ఇంకా పొద్దున్నే, అయినా ఎండ అప్పటికే మండుతోంది. కాలనీవాళ్లు ఆ పూట పని మానేసి ఎవరి గుమ్మం ముందు వాళ్లు నిలబడ్డారు. ఆయన మొదటి ఇంటి ముందు ఆగి, జాబితా చూసి, తలుపు పక్కన గోడ చూశారు. తెల్లటి గోడ. రెండో ఇల్లు, తెల్లటి గోడ. పక్క సందులో కూడా అంతే. నేను క్రిస్మస్ సంగతి, సున్నం సంగతి చెప్పాను. ఆయన మర్యాదగానే విన్నారు. మీరు చెప్పేది అబద్ధమని నేననను, కానీ నేను గోడ మీద ఉన్నదే రాయాలి, నోటిమాట రాయలేను అన్నారు. సంచీ జిప్పు వేయబోయారు.

పక్కనే గుమ్మంలో ఒక పెద్దావిడ ఉంది. కాలనీకి మొట్టమొదట వచ్చి ఇల్లు కట్టుకున్న మనిషి. అందరూ పెద్దమ్మ అంటారు. ఆమె కోపమంతా మా వెంట వచ్చిన అధ్యక్షుడి మీదికి తిరిగింది.

"మంచి రంగు ఇయ్యవయ్యా అంటే ఇన్నవా నువ్వు? పలుచటి సున్నం తెచ్చి పోస్తివి. ఒరిగి కూసుంటే చీరెకంటుతాంది. మొన్న గాలివానకు ఎనక గోడ తడిస్తే లోపలి మరకలన్ని పైకొచ్చి కనబడ్తున్నయి. గసుంటి సున్నం ఎవలకు గావాలె?"

అధ్యక్షుడు తల దించుకున్నాడు. నేను మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోయాను. తడిస్తే లోపలి మరకలు కనబడతాయా? చిన్నప్పుడు పండగ ముందు మా ఇంట్లో సున్నం వేసిన రోజులు కళ్ల ముందుకొచ్చాయి. తడిగా ఉన్నంతసేపు అసలు వేసినట్టే ఉండదు, కింద మసి అంతా కనబడుతూనే ఉంటుంది, ఆరితే గానీ తెల్లబడదు. ముందు గోడకు చూరు అడ్డం కాబట్టి గాలివాన ఆ నంబర్లను తాకి ఉండదు. అంతే కదా!

"పెద్దమ్మా, ఒక బిందెడు నీళ్లు తేరాదూ" అన్నాను.

"తాగనీకెనా?"

"గోడకు."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ట్యాంకర్ రాక ఎన్నొద్దులాయెనో తెల్వదా బిడ్డా నీకు? ఇంట్ల ఈ బిందె ఒక్కటే ఉన్నది. ఇది గోడకు పోస్తే నా మనుమరాండ్లు ఏం తాగాలె?"

అధ్యక్షుడు అప్పటికే ట్యాంకర్‌వాడికి ఫోన్ కలిపాడు. ట్యాంకర్ నౌబాద్‌లో ఎక్కడో కట్టుబడి పని దగ్గర ఉందట, సాయంత్రం దాకా రాదట. అధికారి మధ్యాహ్నం లోపల ఇంకో ఊరికి పోవాలి, అసలు ఊరి నుంచి మోసి తెచ్చేంత వ్యవధి లేదు. బిల్ కలెక్టర్ తడిగుడ్డతో అద్దుదామన్నాడు. అధికారి చెయ్యి అడ్డం పెట్టారు. గోడకు ఎవరి చెయ్యీ, గుడ్డా తగలకూడదు, తగిలితే రేపు ఎవరైనా వేలెత్తి చూపుతారు అన్నారు. ఎవరూ ముట్టుకోకుండా కనబడితేనే రాస్తానన్నారు.

పెద్దమ్మ గోడ వైపు చూసింది, బిందె వైపు చూసింది. "పోస్తే నంబర్ వస్తదా?"

"రాకపోవచ్చు పెద్దమ్మా. వస్తదని నాకు నమ్మకమున్నది" అన్నాను. అబద్ధం చెప్పే ధైర్యం నాకు లేదు.

ఆమె లోపలికి పోయింది. ఇక రాదేమో అనుకున్నాను. బిందె చంకన పెట్టుకుని వచ్చింది. ఎవరి వైపూ చూడకుండా, తలుపు పక్కన ఎత్తు నుంచి మెల్లగా పోసింది. ఎర్ర రాయి గోడ గుటగుటా తాగేసింది. మొదట ఏమీ లేదు. తర్వాత తెలుపు మసకబారి బూడిద రంగయింది. ఆ బూడిద రంగులోంచి ఒక నల్ల గీత, దాని పక్కన ఇంకో గీత, ఆ తర్వాత మొత్తం నంబరు. కింద మొదటి విడతవాళ్లు వేసిన బాణం గుర్తు కూడా. నాకు అరవాలనిపించింది. అరిచాను కూడానట, తర్వాత బిల్ కలెక్టర్ చెప్పాడు.

అధికారి కళ్లజోడు తీసి, గోడకు జానెడు దూరంలో నిలబడి చూశారు. జాబితా తెరిచారు. అదే నంబరు, ఎదురుగా పెద్దమ్మ పేరు, దాని పక్కన ఇల్లు లేదు అని కొట్టివేత. ఆయన ఫోన్ తీసి ఫొటో తీసుకునేలోపే ఎండకు ఒక మూల తెల్లబడటం మొదలైంది. ఒక్క ఇంటితో నేను కాలనీ మొత్తం రాయలేను, ప్రతి ఇల్లూ చూపించండి అన్నారు.

ఇక చూడాలి ఆ సందడి! పెద్దమ్మ ఒక్క కేక వేసింది. తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఆడవాళ్లు ఇంట్లో ఉన్నదంతా, బిందెలు, కుండలు, వాటర్ క్యాన్లు, చివరికి టిఫిన్ డబ్బాల్లో పట్టిపెట్టుకున్నవి కూడా పట్టుకుని గోడల ముందు నిలబడ్డారు. అధికారి ఎదురుగా రాగానే పోయడం, నంబరు తేలడం, ఆయన ఫొటో తీసుకుని పక్కింటికి పరుగు. ముందే పోస్తే ఆయన వచ్చేసరికి ఆరిపోతుంది, ఆలస్యంగా పోస్తే నంబరు తేలేదాకా ఆయన నిలబడాలి. భయస్తుడైన మా బిల్ కలెక్టర్ సందు మధ్యలో నిలబడి, చెయ్యెత్తి, ఇప్పుడు నువ్వు పొయ్యి, ఇప్పుడు నువ్వాగు అని కేకలు పెడుతున్నాడు. ఆయన గొంతు అంత పెద్దదని నాకు ఆ రోజే తెలిసింది. అధ్యక్షుడు పంచె ఎగ్గట్టి, నడవలేని ముసలివాళ్ల ఇళ్ల ముందు తానే బిందెలు ఎత్తాడు. ఒక్కో నంబరు తేలినప్పుడల్లా సందంతా చప్పట్లు. నేను జాబితా పట్టుకుని ఒక్కో పేరూ గట్టిగా చదివాను.

కొన్ని గోడలు మొండికేశాయి. సొంతంగా మంచి రంగు వేసుకున్నవాళ్లవి అవి. నీళ్లు జారిపోయాయి గానీ నంబరు రాలేదు. ఆ ఇంటివాళ్ల ముఖాలు వాడిపోయాయి. అధికారి అటూ ఇటూ ఇళ్ల నంబర్లు చూసి, ఈ రెండింటి మధ్య జాబితాలో ఒక్కటే నంబరు ఉంది, ఇంకే ఇంటికి పోతుంది అని తనే టిక్కు పెట్టుకున్నారు. అప్పుడు అధ్యక్షుడు నా పక్కకు వచ్చి చెవిలో గొప్పగా చెప్పాడు.

"జూసిన్రా మేడం. నేను గూడ గట్లనే ఖరీదైన రంగు ఇచ్చుంటే ఇయ్యాల మన కాలనీ మునిగిపోతుండె."

పిసినారితనానికి మనిషి అంతగా పొంగిపోవడం నేను మళ్లీ చూడలేదు.

చివరి ఇల్లు అయ్యేసరికి అధికారి చొక్కా మొత్తం తడిసిపోయింది, సగం చెమట, సగం మా నీళ్లు. స్కూటర్ సీటు మీద కాగితం పెట్టుకుని రాయడం మొదలుపెట్టారు. ఇళ్లున్నాయి, మొదటి నుంచీ ఉన్నాయి, మనుషులున్నారు, లెక్క సరిదిద్దాలి. పొరపాటుకు కారణం అన్న చోట కలం ఆగింది. నేను ఆ మాస్టారి గురించి చెప్పబోయాను, ఆయన తప్పేం లేదని. అధికారి చెయ్యెత్తి ఆపి, కన్నడలో ఒక్కటే మాట రాశారు. సున్నం.

సంతకం పెట్టాక ఆయన నుదురు తుడుచుకుని, పెద్దమ్మ గడపలో కూలబడ్డట్టు కూర్చున్నారు. "కుడియోకె స్వల్ప నీరు కొడ్తీరా అమ్మా" అన్నారు. తాగడానికి కాసిని నీళ్లిస్తారా అని.

ఎవరూ కదల్లేదు. ఆయనకు అర్థం కాక అందరి ముఖాలూ చూశారు. పెద్దమ్మ తన బిందె తెచ్చి, ఆయన ముందు బోర్లించి చూపించింది. ఒక్క చుక్క రాలలేదు. పక్కింటామె తన కుండ వంచింది. ఎదురింటావిడ క్యాను వంచింది.

"ఉన్నయన్ని మీ ముంగట్నే పోసినం సారూ" అంది పెద్దమ్మ. "మీకియ్యనీకె లెవ్వు. ఏమనుకోకున్రి."

ఆయనకు తెలుగు రాదు. నేను కన్నడలో చెప్పాను. ఇంటికొచ్చిన మనిషికి నీళ్లివ్వలేకపోయానని పెద్దమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది. ఉదయం నుంచి గొంతు చించుకున్న మనిషి అప్పుడు ఏడ్చింది. ఆయన లేచి, ఆమెకు చేతులు జోడించి, ఎండిన నోటితోనే స్కూటర్ ఎక్కారు. ఆ సాయంత్రం ట్యాంకర్ వచ్చేదాకా అసలు ఊళ్లోంచి మనుషులు కాలనీ పిల్లల కోసం బిందెలు మోశారు. మా బిల్ కలెక్టరే ముందు నడిచాడు.

లెక్క మారింది. ట్యాంకు మంజూరైంది. అది కట్టడం పూర్తయ్యేలోపే నేను రిటైరయ్యాను. కుళాయిలు తిప్పే రోజు రమ్మని పెద్దమ్మ ఫోన్ చేస్తే పరుగున పోయాను. కాలనీలో అందరూ బిందెలతో నిలబడితే, ఆమె మాత్రం ఒక ఖాళీ సీసా పట్టుకుని నిలబడింది. కుళాయి తిప్పగానే మొదటి నీళ్లు అందులో పట్టింది. పట్టి, మూత బిగించి, కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది.

"గా సారుకు ఇయ్యి బిడ్డా. ఆ పొద్దు అడిగిండు."

మర్నాడు నేను బీదర్‌లో ఆయన ఆఫీసుకు పోయాను. రిటైరైనవాళ్లు పెన్షన్ పనికి వస్తారు కాబట్టి, ఆయన కాగితం కోసం చెయ్యి చాచారు. నేను సీసా పెట్టాను. ఎక్కడిదో చెప్పాను. టేబుల్ మీద ఆయన సొంత నీళ్ల సీసా నిండుగా ఉంది. దాన్ని పక్కకు జరిపారు. కుర్చీలోంచి లేచి నిలబడి, పెద్దమ్మ పంపిన సీసా మూత తీసి, ఒక్క చుక్క కింద పడకుండా మొత్తం తాగారు.